సెలూను మీద సొరపాదు

తొలకరి పడగానే మా సందులో ప్రతి ఇంటివాళ్ళూ ఒక సొరగింజ పాతుతారు. డా ఓన్ ష్వే మాత్రం పాతేది కాదు. డా అంటే మా భాషలో పెద్దావిడ అని. అందరి పాదులూ కంచెలెక్కి పువ్వులు విప్పుకుంటున్న వేళకి ఆవిడ తీరిగ్గా లుంగీ ఎగ్గట్టి పార పట్టుకునేది. పోనీ సరదాకి పెంచుకునే పాదా అంటే కాదు, ఆవిడ బతుకంతా సొరకాయ బజ్జీల మీదే. తన పాదు కాసేదాకా పక్కిళ్ళ కాయలు కొనుక్కుని, కొన్న ప్రతి కాయనీ ముదురనీ చేదనీ తిడుతూ బజ్జీలు వేసేది.

"అక్కా, మీ ఇంటికి వానాకాలం నెల ఆలస్యంగా వస్తుందా?" అనేవాణ్ణి నేను.

"నీ గొడుగులు వాన వెలిశాక కదా ఆరేది. ముందు నీ సంగతి చూసుకో," అనేది.

నేను గొడుగులు చేస్తాను. మా ఊరు పతేన్‌లో గొడుగులు చేసేవాళ్ళకి కొదవ లేదు కానీ, ఆవిడ పొయ్యికి సరిగ్గా ఎదురుగా కూర్చుని చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. వెదురు పుల్లలు చెక్కుతూ తలెత్తితే ఆవిడే, తల దించితే ఆవిడ మాటే. అందుకని ఆవిడ సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం.

పొట్టి మనిషి. బుగ్గల మీద చెక్క అరగదీసిన పూత ఎప్పుడూ రెండు పెద్ద బిళ్ళల్లా ఉండేది, ఎడమవైపు ఒకటి కాస్త కిందికి. నూనె మూకుడు ముందు కూర్చుని ఒక చేత్తో బజ్జీలు తిప్పుతూ, రెండో చేత్తో ఈగలు తోలుతూ, నోటితో సందంతా నడిపేది. ఎవరి కోడలు ఎన్నింటికి లేచింది, ఎవరి పిల్లాడు బడి ఎగ్గొట్టాడు, అన్నీ ఆవిడ పొయ్యి దగ్గరే తేలాలి. ఆ పొయ్యి పక్కనే మూతపడ్డ సెలూను. ఆకుల కప్పు, చెక్క గోడలు, తాళం. ఆవిడ ఆలస్యపు సొరపాదు ఎక్కేది ఆ కప్పు మీదికే.

సెలూను ఆవిడ మొగుడిది. పేరు శాన్ మ్యా. మేమంతా అన్నా అని పిలిచేవాళ్ళం. చెయ్యి ఎంత తేలికో నోరు అంత బరువు. కత్తెర ఆగినా నోరు ఆగేది కాదు. డీజిల్ ధర రాత్రికి రాత్రి పెంచేసి, బస్సు ఎక్కడానికి జనం జేబులు తడుముకున్న ఏడు, బౌద్ధ భిక్షువులు వీధుల్లో నడిచారు చూడండి, ఆ రోజుల్లో ఈయన వాళ్ళందరికీ డబ్బు పుచ్చుకోకుండా గుండ్లు గీశాడు. దానికి ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం సందుకి కొత్త మనిషొకడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈయన మొహమంతా సబ్బు నురగ పూసి ఒక బుగ్గ గీశాడు. ఆ మనిషి మెల్లిగా, "ధరలు ఎలా ఉన్నాయన్నా?" అన్నాడు. అడిగిందే తడవు.

"ధర పెంచినాయన గడ్డం ఒక్కసారి ఈ కత్తి కిందికి రావాలయ్యా. అప్పుడు నేనూ నా రేటు పెంచుతా," అన్నాడు అన్న.

నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, నవ్వాను కూడా. ఆ మనిషి నవ్వలేదు. సగం గడ్డంతోనే లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు, మిగతా సగం గడ్డం అలాగే ఉంది. కత్తిని సాక్ష్యం కింద మూట కట్టారు. పద్నాలుగేళ్ళు వేశారు. గడ్డం పూర్తిగా గీసి ఉంటే ఎంత పడేదో అని మేం చాటుగా నవ్వుకున్నాం. డా ఓన్ ష్వే వారంరోజులు పొయ్యి వెలిగించలేదు. ఎనిమిదో రోజు వెలిగించి, మొదటి వాయి మాడబెట్టి, "దీని సిగ తరగ," అని ఎవర్నో తిట్టింది. మాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఇంటికి దగ్గర్లో జైలు ఉన్నా అందులో పెట్టలేదు. దేశానికి ఆ చివర, ఉత్తరాన కొండల కింద ఎక్కడో పెట్టారు. పెళ్ళాం పిల్లలు తేలిగ్గా వచ్చి చూసుకుంటే అది శిక్ష ఎలా అవుతుంది? వాళ్ళకి పిల్లలు లేరు. పెళ్ళాం ఒక్కతే బస్సు, రైలు, మళ్ళీ బస్సు, ఆఖర్న లారీ పట్టుకుని వెళ్ళేది. నెలకి రెండుసార్లు చూడొచ్చని రూలు ఉంది. ఆవిడకి ఏడాదికి మూడుసార్లు కుదిరితే గొప్ప.

వెళ్ళేముందు ఎండురొయ్యలు, వెల్లుల్లి, మిరపకాయలు దంచి, నెలలతరబడి చెడకుండా కరకరలాడేలా వేయించి డబ్బాలో నింపేది. సందంతా తుమ్మేది. అక్కడ జైలు గేటు దగ్గర వార్డరు ఇనపచువ్వ పెట్టి ఆ డబ్బా అడుగుదాకా కెలికేవాడు, ఉత్తరాలేమన్నా దాచారేమోనని.

"కలుపు నాయనా, బాగా కలుపు. అడుగున ఉప్పు చేరి ఉంటుంది," అని ఆవిడ అతనికి చెప్పేది.

ఆ వార్డరు పేరు థెట్ పైన్. ముప్ఫై దాటిన మనిషి, మెడలో పెన్ను వేలాడేది. ములాఖత్ గదిలో జాలీకి ఇటు ఆవిడ, అటు అన్న, మధ్యలో స్టూలు మీద ఇతను. మొగుడూ పెళ్ళాం ఏం మాట్లాడుకుంటే అది అక్షరం పొల్లుపోకుండా రాయడం ఇతని ఉద్యోగం. పాపం రాత నెమ్మది. మొదటిసారి వెళ్ళొచ్చాక ఆవిడ పొయ్యి దగ్గర మాకు ఆ సీనంతా ముగ్గురి గొంతుల్లోనూ ఆడి చూపించింది.

"కొట్టు ఎలా ఉందే?" అన్నాడట అన్న, కుశలం కూడా అడక్కుండా.

"ఉంది. దానికేం? పైన సొరపాదు ఎక్కించా."

"ఏం ఎక్కించావ్?"

"ఒక్క నిమిషం ఆగండి పిన్నీ," అన్నాడట థెట్ పైన్. "నేనింకా 'దానికేం' దగ్గరే ఉన్నా."

ఇద్దరూ ఆగారు. అతను రాశాడు. తలూపాడు. అప్పుడు అన్న అరిచాడు. "నా కొట్టు మీద సొరపాదేంటే? ఆకుల కప్పు! తేమకి కుళ్ళి కూలిపోతుంది!"

"కూలితే కూలనీ. అందులో ఎవరు కూర్చున్నారు గనక?"

అంతే. ఆపై ఏడాదికి మూడుసార్లు, నాలుగేళ్ళపాటు ఇదే పోట్లాట. ఒంట్లో ఎలా ఉందని ఆవిడ అడగదు, ఎలా బతుకుతున్నావని ఆయన అడగడు. పాదు తీస్తావా తియ్యవా, తియ్యను, ఏం చేసుకుంటావో చేసుకో. ఇచ్చిన కాస్త సమయమూ సొరపాదుకే సరిపోయేది. అంత దూరం ప్రయాణం చేసి పోట్లాడి వచ్చే మనిషిని నేను ఈవిడ్నే చూశాను. ఇక్కడే పోట్లాడుకోవడానికి నేను లేనా, ఖర్చు కలిసొచ్చేది కదా అని ఒకసారి అన్నాను. బజ్జీ చిల్లులగరిటె నా మీదికి విసిరింది.

పైవాళ్ళకి మాత్రం ఆ రాతలు చదివి అనుమానం పుట్టింది. ఇంత దూరం వచ్చి మనిషన్నవాడెవడూ సొరపాదు గురించి మాట్లాడడు, కాబట్టి అందులో ఏదో మతలబు ఉంది. ఒకరోజు మా వార్డు ఆఫీసు నుంచి ముగ్గురు నిచ్చెనతో దిగారు. కప్పు మీదికెక్కి ఆకులు ఎత్తెత్తి చూశారు. నాలుగు కాయలు దొరికాయి. ఒకటి సాక్ష్యం కింద కోసుకుపోయారు. సాక్ష్యం మర్నాడు వాళ్ళలో ఒకడింట్లో పులుసై ఉడికిందని ఆ ఇంటి వంటమనిషే చెప్పింది.

థెట్ పైన్‌కి అనుమానాలేం లేవు. వింటూ వింటూ అతనూ ఇంట్లో ఒకడైపోయాడు. ఒకసారి రాయడం ఆపి, "బాబాయ్, పిన్ని చెప్పేదాన్లో న్యాయం ఉంది. కొట్టు మీద ఎండ బాగా తగులుతుంది," అన్నాడట. అన్న మండిపడి, "రాసేవాడివి రాయి, తీర్పులు చెప్పకు," అన్నాడు. అతను అది కూడా రాసుకున్నాడు. ఇంకోసారి ఆవిడ పిందెలు రాలిపోతున్నాయంటే, పొద్దున్నే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి రుద్దమని తనే చెప్పాడు. మళ్ళీ ఆ మాట రాయాలా వద్దా అని ఆలోచించి కొట్టేశాడు.

ఒక్కసారి మాత్రం పోట్లాట జరగలేదు. అన్నకి ముందు పళ్ళు రెండు లేవు.

"ఎక్కడ పారేసుకున్నావ్?" అంది ఆవిడ.

"తలుపు తగిలింది."

థెట్ పైన్ పెన్ను కదల్లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఆ ములాఖత్ సంగతి మాకు ఆడి చూపించలేదు, మామూలుగా చెప్పి ఊరుకుంది. తర్వాతిసారి నుంచి రొయ్యల పొడి మెత్తగా దంచడం మొదలుపెట్టింది.

ఇంతలో దేశం మారింది. మారిందని టీకొట్టు టీవీలో చెప్పారు. ఎన్నికలు పెట్టారు, పార్లమెంటు తెరిచారు. తెరిచినవాళ్ళు ఎవరా అని చూస్తే పాత సైన్యం పెద్దలే. యూనిఫాం ప్యాంట్లు విప్పి పట్టు లుంగీలు కట్టారు, టోపీలు తీసి తలపాగాలు చుట్టారు. టీకొట్టంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, ఎందుకైనా మంచిదని.

"ప్యాంటు విప్పడానికి ఎంతసేపు పడుతుంది?" అంది డా ఓన్ ష్వే, బజ్జీలు ఇవ్వడానికి వచ్చి తెర వంక చూస్తూ.

"ఎంతసేపు, చిటికెలో పని," అన్నాను.

"తొడగడానికీ అంతే," అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అయినా గాలి కాస్త మారిన మాట నిజం. పత్రికల్లో ఫోటోలు మారాయి. జైళ్ళకి సున్నాలు వేశారు. తడి ఆరకముందే గోడకి ఆనుకున్నందుకు ఖైదీల వీపులన్నీ తెల్లబడ్డాయని అన్న చెప్పాడట. కోట్లు తొడుక్కున్న విదేశీయులు వచ్చి గదులు టేపు పెట్టి కొలిచారు, పరుపు ఉందా, దోమతెర ఉందా, ఎవరైనా కొట్టారా అని అడిగారు. ఖైదీకి ఇవి ఇవి హక్కులు అని బోర్డు రాసి ములాఖత్ గదిలో వేలాడదీశారు. ఆ వేలాడదీసిన పని థెట్ పైన్‌దే.

తర్వాత జైళ్ళ నుంచి వదిలేసేవాళ్ళ పేర్లు రావడం మొదలైంది. అక్టోబరులో, మా బౌద్ధుల దీపాల పండగ పున్నమికి ఒక పట్టీ వచ్చింది. మా అన్న పేరు అందులో ఉంది. సందులో మేం చంకలు గుద్దుకున్నాం. డా ఓన్ ష్వే లోపలికి వెళ్ళి ఆయన లుంగీలు తీసి ఉతికింది. ఆరిన లుంగీలు మడత పెట్టింది. అన్న మాత్రం రాలేదు.

విషయం ఏంటంటే, ఆ వదిలేయడానికి ఒక మెలిక ఉంది. కాగితం మీద సంతకం పెట్టాలి. తప్పు క్షమించారు, దయ చూపించారు, బుద్ధిగా ఉంటాను. ఎప్పుడైనా మళ్ళీ నోరు జారితే, మిగిలిన శిక్షంతా మళ్ళీ లోపలే గడపాలి. అన్నకి ఇంకా పదేళ్ళు మిగిలి ఉన్నాయి. ఆయన కాగితం చదివి, మడిచి, వెనక్కి ఇచ్చాడట. "నేను గడ్డం గీశాను. దానికి క్షమించడం ఏంటి?" అన్నాడట.

సందులో మేమంతా పొంగిపోయాం. మా వీధివాడు సంతకం పెట్టలేదని పక్క వీధుల్లో చెప్పుకుని తిరిగాం. టీకొట్టులో నాకు రెండు కప్పులు ఊరికే ఇచ్చారు, ఎదురింటివాణ్ణి అయిన పుణ్యానికి. డా ఓన్ ష్వే మాత్రం ఆ వారమంతా మాడిన బజ్జీలే అమ్మింది.

"గొప్ప మనిషక్కా మా అన్న," అన్నాను.

"అంత గొప్పవాడైతే నీ ఇంట్లో పెట్టుకో," అంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అనుకున్నాను.

జనవరిలో రెండో పట్టీ వచ్చింది. మళ్ళీ అన్న పేరు. ఈసారి జైలు నుంచే టీకొట్టుకి ఫోను వచ్చింది. భార్యని వెంటనే పంపండి, ప్రయాణం ఖర్చు మేం చూసుకుంటాం అని. నాలుగేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు. ఒంటరిగా ఎలా పంపడమని నేనూ బయల్దేరాను. నిజం చెప్పాలంటే చూడాలని ఉబలాటం.

రెండురోజుల తర్వాత లారీ దిగేసరికి నా నడుం నాది కాదు. ఆవిడ చెప్పులు దులుపుకుని, మొహం కడుక్కుని, బుగ్గలకి పూత రాసుకుంది, ఎడమవైపు కాస్త కిందికి. ఈ దారిన ఈవిడ ఇన్నిసార్లు ఒంటరిగా వచ్చిందా అనిపించింది నాకు.

జైలు పెద్దాయన గేటు దాకా ఎదురొచ్చాడు. "అమ్మా, మీరే చెప్పాలి. పట్టీలో పేరున్న మనిషి లోపలుంటే పైనుంచి నాకు అక్షింతలు. మెడబట్టి గెంటుదామంటే రేపు విదేశీయులు వస్తున్నారు. సంతకం పెట్టమనండి, కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు.

"లోపల పెట్టినప్పుడు నన్ను అడిగారా?" అంది ఆవిడ. నన్ను కూడా లోపలికి రానిచ్చారు.

ములాఖత్ గదిలో జాలీ తీసేశారు. బల్ల వేశారు. సున్నం వాసన కొడుతోంది. గోడ మీద ఆ హక్కుల బోర్డు. అన్న వచ్చి బల్లకి అటు కూర్చున్నాడు. సగం అయ్యాడు మనిషి. జుట్టు ఎవడో మొండికత్తెరతో కోసినట్టుంది, ఆయన సొంత సెలూనులో అలాంటి క్షవరం జరిగితే డబ్బు వెనక్కి ఇచ్చేవాడు. నన్ను చూసి బోసినోటి నవ్వు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

థెట్ పైన్ స్టూలు ఎత్తుకుని దూరంగా గుమ్మం దగ్గర వేసుకున్నాడు. పెన్ను లేదు. నేనూ మర్యాదకి అతని పక్కన వెళ్ళి నిలబడ్డాను.

"ఇప్పుడు వినకూడదన్నా," అన్నాడు నా చెవిలో, దిగులుగా. "కొత్త రూలు. కనపడాలి కానీ వినపడకూడదు. కప్పు కూలిందా మరి?"

"ఇంకా లేదు," అన్నాను.

"హమ్మయ్య."

అక్కడ మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ బల్ల మీద గోటితో గీస్తోంది. ఆయన బోర్డు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. నాలుగేళ్ళు మూడోమనిషి ముందు మాట్లాడి మాట్లాడి, ఇద్దరే మిగిలేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. ఆఖరికి ఆవిడే ఇటు తిరిగింది.

"థెట్ పైన్! ఇలా రా. వచ్చి మధ్యలో కూర్చో."

"అమ్మో, రాకూడదు పిన్నీ. ఎవరూ వినకుండా మాట్లాడుకోవడం ఇప్పుడు మీ హక్కు. అదిగో, బోర్డులో నాలుగోది."

"నా హక్కయితే నేను వద్దంటున్నా కదా? నువ్వు లేకపోతే మాకు మాట పెగలట్లేదు. రా!"

అతను నా వంక చూశాడు. నేను బోర్డు వంక చూశాను. స్టూలు ఎత్తుకుని పరుగులాంటి నడకతో వెళ్ళి పాత చోటే కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. నేనూ ఊరుకుంటానా, వెనకే వెళ్ళాను.

"పాదు ఎలా ఉంది?" అన్నాడు అన్న వెంటనే.

"ఎండిపోయింది. జనవరి కదా."

"కప్పు?"

"కుళ్ళింది. నువ్వు చెప్పినట్టే."

"చెప్పానా లేదా!" అన్నాడు థెట్ పైన్ వైపు తిరిగి. మొహం వెలిగింది. కాసేపే. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను సంతకం పెట్టను ఓన్ ష్వే. నేను తప్పు చెయ్యలేదు."

"చెయ్యలేదని నాకు తెలుసు. అది ఒక్కటేనా?"

ఆయన బల్ల మీద ఆవిడ గీసిన గీతల వంక చూశాడు.

"మొదటిసారి వచ్చినప్పుడే కొట్టు మీద పాదు ఎక్కించానన్నావు చూడు, ఆ రోజే అర్థమైంది నాకు. పద్నాలుగేళ్ళు అని లెక్కేసుకున్నావు. మనిషి రాడు, కొట్టు ఖాళీగా ఎందుకు అనుకున్నావు. తప్పని అనను. బతకాలి కదా. కానీ ఇప్పుడొచ్చి నేనెక్కడ కూర్చోను? పాదు కిందా? నువ్వు నేను లేకుండా బతకడం అలవాటు చేసుకున్నావు. మళ్ళీ వచ్చి, మళ్ళీ ఏదో వాగి, మళ్ళీ నిన్ను ఈ లారీలెక్కించడం ఎందుకే?"

ఆవిడ నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, మన సందులో నా పాదు ఎప్పుడు కాస్తుందో చెప్పు ఈయనకి."

"అందరికంటే నెల ఆలస్యంగా," అన్నాను.

"ఎందుకో చెప్పు."

"నాకేం తెలుసక్కా?"

"తెలీదు. ఎదురుగా కూర్చుని వెక్కిరించడం తెలుసు నీకు." ఇప్పుడు ఆయన వైపు తిరిగింది. "సొరపాదు ఏటా ఎండిపోతుందయ్యా. ఏటా కొత్త గింజ పెట్టాలి. తొలకరి పడగానే గింజ చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. ఈ వానలకి వదిలేస్తారేమో, మనిషి వచ్చేసరికి కొట్టు మీద తీగ పాకి ఉంటే ఏం బాగుంటుంది, ఈ వారం చూద్దాం అని. వారం పోయేది. ఇంకో వారం చూద్దాం అని. పక్కవాళ్ళ కాయలు కొనుక్కుని బజ్జీలు వేసుకుంటూ చూసేదాన్ని. ఇంక ఈ ఏడు కాదులే అని గట్టిగా తెలిశాక పెట్టేదాన్ని. ఒక్క ఏడు కాదు, అన్ని ఏళ్ళూ. అలవాటు చేసుకున్నానట!"

థెట్ పైన్ చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి వెళ్ళింది, పెన్ను లేదని తెలిసి ఆగింది. నేను గొడుగుల మధ్య కూర్చుని ఆవిణ్ణి రోజూ చూసినవాణ్ణి. గుమ్మంలో గుప్పిట మూసుకుని కూర్చోవడం కూడా చూశాను. ఆ గుప్పిట్లో ఏముందని ఒక్క ఏడాదీ అడగలేదు.

అన్న కళ్ళు తుడుచుకున్నాడు. "నా నోరు సంగతి నీకు తెలుసు. ఊరుకోదు. సంతకం పెట్టి వచ్చినా, మళ్ళీ లోపలేస్తారు."

"వేస్తే వెయ్యనీ. నువ్వు మళ్ళీ లోపలికి పోతే నేను మళ్ళీ వస్తా. దారి నాకు తెలిసిందేగా," అంది ఆవిడ. "ఈలోగా వచ్చి ఆ కప్పు నేయి. చినుకు పడితే నా పొయ్యి తడుస్తోంది."

జైలు పెద్దాయన కాగితం తెచ్చాడు. అన్న పెన్ను అందుకుని, "సంతకం పెడతాను. నా కత్తి నాకు ఇచ్చెయ్యండి," అన్నాడు. అది కోర్టులో సాక్ష్యం కింద ఉంది, రాదన్నారు. "అయితే క్షమించింది నన్నొక్కణ్ణే, కత్తిని కాదన్నమాట," అన్నాడు. ఆవిడ బల్ల కింద కాలితో తన్నింది. ఆయన కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు.

గేటు దాకా థెట్ పైన్ మూట మోసుకుంటూ వచ్చాడు. "కప్పు నేశాక ఉత్తరం రాయి బాబాయ్. నాకు తెలియాలి కదా," అన్నాడు.

"నువ్వు రాసినంత నెమ్మదిగా రాస్తాలే," అన్నాడు అన్న. ఇద్దరూ చేతులు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. లారీవాడు హారన్ కొట్టాడు.

ఇంటికొచ్చిన మర్నాడు అన్న చేసిన మొదటి పని, సెలూను మీద ఎండిన తీగని పట్టుకుని లాగడం. తీగతో పాటు కప్పు మొత్తం కిందికి వచ్చింది. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వాం.

"చూశావా, ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని ఉన్నది నా పాదే," అంది ఆవిడ.

కొత్త ఆకులు తెచ్చి అందరం తలో చెయ్యీ వేశాం. ఇప్పుడు సెలూను మళ్ళీ నడుస్తోంది, కొత్త కత్తితో. ధరల మాట వస్తే అన్న నోరు తెరుస్తాడు. వెంటనే పక్కన పొయ్యి మీద చిల్లులగరిటె మూకుడుకేసి ఠంగుమని మోగుతుంది. ఆయన గొంతు సవరించుకుని వాతావరణం గురించి మాట్లాడతాడు. కాసేపు. మళ్ళీ ధరలకే వస్తాడు. మళ్ళీ ఠంగు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో సంగీతం అనుకుంటారు. రొయ్యలు తీసుకెళ్ళిన ఆ ప్రయాణపు బుట్ట మాత్రం ఆవిడ పారెయ్యలేదు. గుమ్మం పక్క మేకుకే ఉంది.

ఆ ఏడు తొలకరి మధ్యాహ్నంపూట పడింది. నేను గొడుగులు లోపలికి చేరవేస్తూ ఎదురింటి వంక చూశాను. డా ఓన్ ష్వే గుమ్మంలో గుప్పిట మూసుకుని కూర్చుని ఉంది, వాన చూస్తూ. అన్న చేతిలో గడ్డం సబ్బు బ్రష్షుతోనే సెలూనులోంచి బయటికొచ్చాడు. కుర్చీలో మనిషిని సగం గడ్డంతో వదిలేసి వచ్చాడు. ఆవిడ ముందు గొంతుక్కూర్చుని ఆ గుప్పిట వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు.

"వచ్చేశాను కదే," అన్నాడు. "పాతెయ్యి."